సంగీత సందేహాలు: కోల్ట్రేన్ కచేరీలో శ్రోతలు మెచ్చుకున్నది దేనిని?

గత సంచికలో జాజ్ శాక్సోఫోన్ విద్వాంసుడు జాన్ కోల్ట్రేన్ (1926–1967) గురించి క్లుప్తంగా రాసి, 1961 నవంబరులో న్యూయార్కులోని విలేజ్ వాన్‌గార్డ్ క్లబ్బులో ఆయన వాయించిన ‘చేజిన్ ద ట్రేన్’ రికార్డును వినమని సూచించాము. విన్నవారు రాసిన ఉత్తరాలలో సగం మెచ్చుకోలు, సగం మందలింపు ఉన్నాయి. మందలింపుతోనే మొదలుపెడుతున్నాము.

ప్రశ్న: మా ఇంట్లో త్యాగరాజ కీర్తనలు తప్ప మరొకటి మోగదు. మీ మాట నమ్మి ఆ రికార్డు పెట్టాను. మూడో నిమిషానికి మావారు లేచి వెళ్లి గది తలుపు వేసుకున్నారు. నేను మాత్రం పదహారు నిమిషాలూ కూర్చున్నాను కాని, పాట ఎక్కడ మొదలై ఎక్కడ ముగిసిందో తెలియలేదు. ఆయనను ఎదురుగా కూర్చుని విన్నవారు జన్మ ధన్యమైనట్లు చెప్పుకుంటారట. వారు నిజంగా ఆనందించారా, లేక పెద్దలు మెచ్చుకున్నారు కనుక తామూ తల ఊపారా?
— ఒక పాఠకురాలు, గుంటూరు

జవాబు: అమ్మా, మీవారి పక్షాన వాదించిన వారు ఆ రోజుల్లోనూ తక్కువేమీ కాదు. 1960 మార్చి 21న పారిస్‌లోని ఒలింపియా రంగస్థలంపై ట్రంపెట్ విద్వాంసుడు మైల్స్ డేవిస్ బృందంతో కలిసి కోల్ట్రేన్ వాయిస్తున్నప్పుడు సభలో కొందరు ఈలలు వేసి గోల చేశారు. ఆ గోల ఇప్పటికీ రికార్డులో వినిపిస్తుంది. మీరు విన్న కచేరీ జరిగిన 1961 నవంబరు నెలలోనే ‘డౌన్‌బీట్’ అనే అమెరికా జాజ్ పత్రికలో జాన్ టైనన్ అనే విమర్శకుడు ఈ ధోరణిని ‘జాజ్‌కు వ్యతిరేకమైనది’ అని తీర్పు చెప్పాడు. అందువల్ల అందరూ మెచ్చారు కనుక మేమూ మెచ్చామనే వెసులుబాటు ఆనాటి శ్రోతలకు లేదు. మెచ్చుకున్నవారు ఇరుగుపొరుగుతో వాదులాడి మరీ మెచ్చుకోవలసి వచ్చింది.

ఇక వారు మెచ్చుకున్నది దేనిని? మాధుర్యాన్ని అని నేను అనను. మాధుర్యం ఆయనకు చేతకాక కాదు. నెమ్మదైన ప్రేమగీతాలను ఆయన వాయిస్తే ఎంత హాయిగా ఉంటుందో 1963లో విడుదలైన ‘బాలడ్స్’ అనే రికార్డు వింటే మీకే తెలుస్తుంది. వాన్‌గార్డ్‌లో శ్రోతల కళ్లముందు జరిగినది వేరు. ఒక మనిషి తనకు అప్పటికే వచ్చినదాన్ని ప్రదర్శించి ఊరుకోకుండా, ఇంకా రానిదాని కోసం అందరి ఎదుటా వెతుక్కున్నాడు, తడబడినా ఆగలేదు. మనం సాధారణంగా గురువుగారింటి అరుగు మీద మాత్రమే చూడగలిగే ఆ శ్రమ అక్కడ టిక్కెట్టు కొనుక్కున్నవారికి కనిపించింది. పారిస్ గోల జరిగిన మర్నాడు స్టాక్‌హోమ్‌లో ఒక విలేకరి, మీ వాద్యంలో కోపం వినిపిస్తుందంటారేమిటని అడిగితే, తాను ఒకేసారి ఎన్నో విషయాలను ప్రయత్నిస్తున్నానని, వాటిని ఇంకా సర్దుకోలేదని, బహుశా అందుకే కోపంలా అనిపిస్తుందేమోనని ఆయన ఎంతో మెల్లగా బదులు చెప్పాడు. ఆయన అభిమానులలో చాలామంది ఈ వాద్యాన్ని పూనకమనీ తపస్సనీ వర్ణిస్తారు. ఆ మాటలు నాకు అంతగా రుచించవు. ఒక వాయింపుకూ మరొక వాయింపుకూ నడుమ దొరికే విరామంలో కూడా వెనక గదిలో సాధన చేసుకున్న మనిషిని పూనకం పట్టినవాడని అంటే, ఆ సాధనను తక్కువ చేసినట్లే అవుతుంది.

పాట ఎక్కడ మొదలైందో తెలియలేదని మీరు రాసినది సరైన పరిశీలనే. ఆ రచనకు ముందుగా కూర్చిన పల్లవి అంటూ ఏదీ లేదు. ఉన్నది పన్నెండు కొలతల బ్లూస్ (నల్లజాతి అమెరికన్ల గాన శైలి) చట్రం ఒక్కటే. ఆ చట్రం మన తాళావర్తంలా తిరిగి తిరిగి వస్తూ ఉంటుంది. పదహారు నిమిషాలలో సుమారు 80 సార్లు తిరుగుతుంది. పియానో తప్పుకొని, జిమ్మీ గారిసన్ బాస్ (మంద్రస్థాయి తంత్రీవాద్యం), ఎల్విన్ జోన్స్ డ్రమ్ములు మాత్రమే తోడుగా ఉన్నాయి. శ్రుతి సామరస్యాన్ని గుర్తుచేసే పియానో లేనందువల్ల కోల్ట్రేన్‌కు దారి తప్పే స్వేచ్ఛ వచ్చింది. శ్రోతకు పట్టుకొమ్మ పోయింది. రెండోసారి వినేటప్పుడు శాక్సోఫోన్‌ను కాసేపు వదిలేసి డ్రమ్ములను మాత్రమే వినండి. ప్రధాన వాద్యాన్ని మృదంగం కేవలం అనుసరించకుండా ఎదురు ప్రశ్నలు వేస్తే ఎలా ఉంటుందో అలా ఉంటుంది జోన్స్ వాయింపు. క్లబ్బులో విన్నవారిని ఎక్కువగా కదిలించినది ఈ ఇద్దరి పెనుగులాటే అని నా నమ్మకం.

మరొక మాట. వాన్‌గార్డ్ ఒక భవనపు నేలమాళిగలో ఉన్న ముక్కోణపు గది. 123 మంది కూర్చుంటే నిండిపోతుంది. అంత ఇరుకులో డ్రమ్ముల అదురు కుర్చీలోకి పాకుతుంది. ఆ అనుభవంలో సగమైనా మన హాలులోని స్పీకరులోకి రాదు కనుక, తలుపు వేసుకున్న మీవారిని నేను తప్పుపట్టను.

ప్రశ్న: మూడు తరాలుగా మాది సన్నాయి కుటుంబం. ఆ రికార్డులో కొన్నిచోట్ల ఒకే వాద్యంలో నుంచి రెండు స్వరాలు ఒకేసారి పలికినట్లు వినిపించింది. అది రికార్డింగు మాయా, లేక నిజంగా ఊదగలరా?
— ఒక సన్నాయి విద్వాంసుడు, రాజమహేంద్రవరం

జవాబు: మాయ కాదు, నిజంగా ఊదగలరు. శాక్సోఫోన్ కూడా మీ సన్నాయిలాగే మొదట సన్నగా ఉండి చివరికి వెడల్పయ్యే గొట్టం. అందువల్ల గట్టిగా ఊదితే రెండింటిలోనూ స్వరం పై స్థాయికి ఎగురుతుంది. తేడా అల్లా పీకలోనే: మీది రెండు రేకుల పీక, దానిది మౌత్‌పీసుకు బిగించే ఒంటి రేకు. మామూలు పద్ధతికి భిన్నంగా కొన్ని మీటలను మూసి, కొన్నిటిని తెరిచి, పెదవుల ఒత్తిడినీ గొంతు లోపలి ఆకారాన్నీ మారుస్తూ ఊదితే, గొట్టంలోని గాలి ఏ ఒక్క స్వరానికీ కట్టుబడలేక రెండు మూడింటిని కలిపి పలుకుతుంది. చిత్రమేమిటంటే, ఈ కిటుకును తనకు మొదట చూపినవారిలో పియానో విద్వాంసుడు థెలోనియస్ మంక్ ఒకడని కోల్ట్రేన్ 1960లో స్వయంగా రాశాడు. శాక్సోఫోన్ ఊదని మంక్ ఆ వాద్యాన్ని చూసి, దాని నిర్మాణాన్ని బట్టి ఊహించి చెప్పాడట! 1957లో న్యూయార్కులోని ఫైవ్ స్పాట్ క్లబ్బులో నెలల తరబడి మంక్ పక్కన నిలబడి వాయించినందువల్ల కోల్ట్రేన్‌కు దక్కిన లాభాలలో ఇది చిన్నది.

ఇక ఊపిరి సంగతి. ఆయన వాక్యాల మధ్య ఊపిరి తీసుకునే సందులు మీవంటివారి చెవికి తెలుస్తాయి. అలసటను దాచుకోవాలని ఆయన ప్రయత్నించడు. పదమూడో నిమిషం తరువాత నాదం గరుకెక్కుతుంది. ఆ గరుకుదనం నాకు ఇష్టం. మీకు అపశ్రుతిగా తోస్తే దానితోనూ నాకు పేచీ లేదు.

ప్రశ్న: కోల్ట్రేన్‌పై మన సంగీత ప్రభావం ఉందని చదివాను. ఆయన రాగం వాయించాడా?
— కర్ణాటక గాత్రం నేర్చుకుంటున్న విద్యార్థిని, హైదరాబాదు

జవాబు: మనం అనుకునే అర్థంలో రాగం వాయించలేదు. పండిట్ రవిశంకర్ సంగీతంపై ఆయనకు ఎనలేని గౌరవం ఉండేది. 1965లో పుట్టిన తన కుమారుడికి రవి అని పేరు పెట్టుకున్నాడు, ఆ రవి కోల్ట్రేన్ కూడా నేడు పేరున్న శాక్సోఫోన్ కళాకారుడే. వాన్‌గార్డ్ కచేరీలలోనే ‘ఇండియా’ అనే రచన ఉంది. అందులో ఇద్దరు బాస్ వాద్యకారులు దాదాపు ఒకే ఆధార స్వరాన్ని పట్టుకుని ఉంటే, ఆ స్థిరత్వం మీద కోల్ట్రేన్ సొప్రానో శాక్సోఫోన్‌తో, ఎరిక్ డాల్ఫీ బాస్ క్లారినెట్‌తో విహరిస్తారు. తంబురా ఇచ్చే ఊతం వంటిది ఆయనకు కావలసి వచ్చిందని తెలుస్తుంది. గమకాలను, రాగ స్వరూపాన్ని అందులో వెతికితే నిరాశ తప్పదు. శాక్సోఫోన్‌పై గమకం వినాలనుకుంటే కద్రి గోపాల్‌నాథ్ గారిని వినండి. అది వేరే ప్రయాణం.

ప్రశ్న: ఆయన ఒక పాటను గంటసేపు వాయించేవాడట. ఆపమని ఎవరూ అనలేదా?
— ఒక పాఠకుడు, వరంగల్లు

జవాబు: 1966 జులైలో టోక్యోలో ‘మై ఫేవరెట్ థింగ్స్’ 57 నిమిషాలు సాగింది, అదే పాట 1961లో విడుదలైన స్టూడియో రికార్డులో పద్నాలుగు నిమిషాలకు మించి లేదు. ఎలా ఆపాలో తెలియడం లేదని కోల్ట్రేన్ అంటే, ‘వాద్యాన్ని నోట్లోంచి తీయి, చాలు’ అని మైల్స్ డేవిస్ బదులిచ్చాడనే కథ జాజ్ లోకంలో ప్రతివారి నోటా వినిపిస్తుంది.

అయితే చివరి సంవత్సరాల సంగీతానికి ఆయన అభిమానులే రెండుగా చీలారన్నది వాస్తవం. శ్రోతలు సరే, సొంత బృందమే నిలవలేదు: రెండో శాక్సోఫోన్, రెండో డ్రమ్ములు చేరిన తరువాత పియానో వాద్యకారుడు మకాయ్ టైనర్ 1965 చివరలోనూ, ఎల్విన్ జోన్స్ 1966 మొదట్లోనూ విడిపోయారు. ఆ హోరులో తన పియానో తనకే వినిపించడం లేదన్నది టైనర్ ఫిర్యాదు. నా మట్టుకు నేను 1961 నుంచి 1965 వరకు ఉన్న నలుగురి బృందం దగ్గరే ఆగిపోతాను. ఆ తరువాతి రికార్డులను గౌరవంతో వింటాను కాని, ఇష్టంతో విన్నానని చెబితే అబద్ధమవుతుంది.

ప్రశ్న: మీరు చెప్పిన రికార్డు కాక, ప్రత్యక్ష కచేరీలలో ఇంకేవి వినాలి?
— ఒక పాఠకుడు, విశాఖపట్నం

జవాబు: 1961 ఆగస్టులో న్యూయార్కులోని విలేజ్ గేట్ క్లబ్బులో వాయించినది 2023లో విడుదలైంది, ఒకే మైకుతో పట్టినది కనుక డ్రమ్ములు మీదపడుతున్నట్లుంటాయి, అదే దాని అందం. తరువాత 1965 జులై 26న ఫ్రాన్సులోని ఆంతీబ్ ఉత్సవంలో వాయించిన ‘ఎ లవ్ సుప్రీమ్’ వినండి. దాని స్టూడియో రూపాన్ని ముందుగా వింటే, ప్రత్యక్షంలో ఎంత తెగించారో పోల్చుకోవచ్చు.

ప్రశ్న: నెల్లూరు నుంచి మా నాన్నగారు వచ్చే నెల మా దగ్గరికి వస్తున్నారు. ఆయనను వాన్‌గార్డ్‌కు తీసుకువెళ్లాలని ఉంది. క్లబ్బు ఇంకా ఉందా? పెద్దవారు కూర్చోగలరా?
— ఒక పాఠకుడు, న్యూజెర్సీ

జవాబు: ఉంది, 1935లో మాక్స్ గోర్డన్ ప్రారంభించిన ఆ క్లబ్బు సెవెంత్ అవెన్యూలో ఈనాటికీ నడుస్తోంది. సోమవారం రాత్రి అక్కడి సొంత వాద్యబృందం వాయిస్తుంది. 1966లో మొదలైన సంప్రదాయం అది. తొలిసారి వచ్చే పెద్దవారికి ఆ రోజే మేలు, ఎందుకంటే అది పదిమందికి పైగా కలిసి వాయించే సంగీతం కనుక వరసలు సులభంగా పట్టుబడతాయి. మెట్లు నిటారుగా ఉంటాయి, నాన్నగారి చేయి పట్టుకుని దించండి. టిక్కెట్లు ముందుగా తీసుకోండి. వాయిస్తుండగా మాట్లాడినా, ఫోనులో చిత్రీకరించినా అక్కడివారు ఊరుకోరు. డ్రమ్ములకు మరీ దగ్గరి బల్ల మాత్రం ఎంచుకోకండి.