ఘాట్‌లో గ్యాసు వ్యాను లాగడం లేదన్న మేనల్లుడికి

చిరంజీవి మేనల్లుడికి,

మామయ్య ఆశీస్సులు.

నిన్న రాత్రి నువ్వు ఫోనులో చెప్పినప్పటి నుంచి నాకు అదే ధ్యాస. జనరేటర్ ట్రాలీని వెనక తగిలించుకుని ఎస్.కోట దాటి అనంతగిరి ఘాట్ ఎక్కుతుంటే వ్యాను రెండో గేరులో కూడా ఆయాసపడిందనీ, వెనక బస్సు హారన్ మోగిస్తుంటే చేతులు వణికాయనీ అన్నావు. గ్యాసు ఎక్కువ వదిలి పవరు పెంచుతానన్న మనిషికి అడ్వాన్సు ఇవ్వబోతున్నానని కూడా అన్నావు. ఆ డబ్బు ఇవ్వకు. ముందు ఈ ఉత్తరం చదువు.

గ్యాసు వల్ల తగ్గే బలం ఎంతో తెలిస్తేనే మిగతా నీరసం ఎక్కడిదో వెతకగలం. నీ మారుతి ఈకో సీఎన్‌జీ వ్యానుకు కంపెనీ ఇచ్చిన లెక్క చూడు. ఇంజన్ పవరు పెట్రోలు మీద సుమారు 81 పీఎస్ (అంటే గుర్రపు బలం), గ్యాసు మీద సుమారు 72. టార్క్, అంటే తిప్పే బలం, పెట్రోలుతో 104 న్యూటన్ మీటర్లు, గ్యాసుతో 95. అంటే పోయేది పదోవంతు, అంతే. పెట్రోలు తుంపరగా లోపలికి వెళ్తుంది కాబట్టి పెద్దగా చోటు తీసుకోదు. మన గ్యాసు, అంటే మీథేన్, వాయువుగానే వెళ్తుంది. ఇంజన్ పీల్చుకునే ప్రతి పది పాళ్ళలో దాదాపు ఒక పాలు అదే ఆక్రమిస్తుంది, ఆ మేరకు గాలి తగ్గుతుంది. గాలి తగ్గితే మంట తగ్గుతుంది. ఇంకా గ్యాసు వదిలితే గాలికి చోటు ఇంకా తగ్గుతుందే తప్ప బలం పెరగదు. అందుకే ఆ మనిషి మాట నమ్మవద్దంటున్నాను.

దీనికి తోడు అరకు సముద్రమట్టానికి 900 మీటర్లకు పైన ఉంది. అంత ఎత్తులో గాలి మన ఆటోనగర్‌లో ఉన్నంత చిక్కగా ఉండదు, ఇంకో పదోవంతుకు కాస్త అటూ ఇటూగా పోతుంది. ఆ తగ్గుదల పెట్రోలు బండికీ తప్పదు. ఈ రెండూ కలిసినా బండి మందగిస్తుంది గానీ రెండో గేరులో నిలబడిపోదు. నీ వ్యానులో ఇంకేదో లోపం ఉంది.

దాన్ని పట్టుకోవడానికి ఖర్చులేని పరీక్ష ఒకటుంది. తెల్లవారుజామున రోడ్డు ఖాళీగా ఉన్నప్పుడు హనుమంతవాక నుంచి జూ మీదుగా ఎండాడ వైపు ఎత్తు ఎక్కు. ట్రాలీ వద్దు. ఒకసారి గ్యాసు మీద, ఒకసారి పెట్రోలు మీద, అదే గేరులో, అదే వేగంతో మొదలుపెట్టు. రెండింటి మీదా నీరసంగానే ఉంటే తప్పు గ్యాసుది కాదు. క్లచ్ ప్లేటో, పట్టేసిన బ్రేకో, ఎయిర్ ఫిల్టరో, ఇంజన్ కంప్రెషనో చూడాలి. పెట్రోలు మీద చక్కగా ఎక్కి గ్యాసు మీద మాత్రమే కుదుపుతుంటే నిప్పురవ్వ పుట్టించే ప్లగ్గులు, వాటికి కరెంటు పంపే కాయిళ్ళు, గ్యాసు ఫిల్టరు, గ్యాసు ఒత్తిడి తగ్గించే రెడ్యూసర్ వైపు వెళ్ళాలి. నా షెడ్డుకు వచ్చే గ్యాసు బండ్లలో సగానికి పైగా రోగం ఈ ఒక్క పరీక్షతోనే బయటపడుతుంది. అయినా దీన్ని చేసి వచ్చేవాళ్ళు తక్కువ.

నీ వ్యాను ఎత్తులో 'టక్, టక్' మని కుదుపుతోందన్నావు కాబట్టి నా అనుమానం ప్లగ్గుల మీదే. ఇంజన్ పూర్తిగా చల్లారాక సీటు ఎత్తి ప్లగ్గులు విప్పు. కొసల రంగు చూసి ఊరుకోకు, తెల్లటి పింగాణీని వెలుగులో తిప్పి చూడు. దాని మీద నిలువునా, పెన్సిల్‌తో గీసినట్టు సన్నటి నల్లని గీత కనిపిస్తే దొంగ దొరికినట్టే. గ్యాసు మిశ్రమంలో నిప్పురవ్వ దూకడానికి పెట్రోలు కన్నా ఎక్కువ వోల్టేజీ కావాలి. యాక్సిలరేటర్ బాగా తొక్కి ఎత్తు ఎక్కేటప్పుడు సిలిండర్‌లో ఒత్తిడి పెరిగి అది ఇంకా ఎక్కువ కావాలి. ప్లగ్గు అరిగి కొసల మధ్య గ్యాపు పెరిగితే ఆ కరెంటు గ్యాపు దాటలేక పింగాణీ మీదుగా పక్కదారి పడుతుంది. ఆ గీత అదే. చదును రోడ్డు మీద బండి బాగానే ఉంటుంది, ఘాట్‌లోనే మొరాయిస్తుంది. అలాంటప్పుడు ప్లగ్గులొక్కటే మారిస్తే చాలదు. కాయిల్ కింద ఉండే రబ్బరు టోపీ లోపల కూడా ఆ గీత పడి ఉంటుంది, దాన్నీ మార్చాలి. గ్యాపు మాత్రం పుస్తకంలో రాసినంతే ఉంచు. మన సముద్రపు ఉప్పు గాలికి వైరు కొసలు ఆకుపచ్చగా చిలుము పడతాయి, ఎర్త్ వైరు బోల్టు కూడా విప్పి గీకి బిగించు.

ఇక రెడ్యూసర్ సంగతి. ఇది నా కళ్ళతో చూసింది. ఓ డిసెంబరులో కూరగాయలు తెచ్చే వ్యాను ఒకటి ఇలాగే ఘాట్‌లో ఆగిపోయింది, నన్ను పిలిస్తే వెళ్ళాను. మూత తీసేసరికి ఇంజన్ పొగలు కక్కేంత వేడిగా ఉంది, దాని పక్కనే రెడ్యూసర్ ఒళ్ళంతా తెల్లగా మంచు పేరుకుని ఉంది. వేలు పెడితే అతుక్కుంది. గ్యాసు సిలిండర్‌లో 200 బార్ (ఒత్తిడి కొలత) దాకా ఉండే గ్యాసు అక్కడ ఒక్కసారిగా కొద్ది బార్‌కు దిగుతుంది. అలా దిగేటప్పుడు విపరీతంగా చల్లబడుతుంది. రెడ్యూసర్ గడ్డకట్టకుండా ఇంజన్‌లోని వేడి కూలెంట్‌ను రెండు పైపులతో రెడ్యూసర్ చుట్టూ తిప్పుతారు. ఆ బండికి అంతకు ముందు వారమే ఎవరో కూలెంట్ మార్చి, పైపులో గాలి వదిలేశారు. వేడి నీళ్ళు తిరగలేదు, గ్యాసు దారి బిగుసుకుపోయింది. ఇంజన్ చల్లారేదాకా ఆగి, గాలి తీసి, కూలెంట్ నింపాం. అదే బరువుతో మూడో గేరులో ఎక్కింది. నువ్వు చేయవలసిందల్లా, బండి బాగా వేడెక్కాక రెడ్యూసర్‌కు వెళ్ళే రెండు పైపులనూ జాగ్రత్తగా తాకి చూడడమే. రెండూ వేడిగా ఉండాలి. ఒకటి చల్లగా ఉంటే నాకు ఫోను చేయి. రేడియేటర్ మూత మాత్రం వేడి మీద తీయకు. అధిక ఒత్తిడి గ్యాసు పైపుల జోలికి నువ్వూ వెళ్ళకు, నేనూ వెళ్ళను. అది అనుమతి ఉన్న వర్క్‌షాపు పని. గ్యాసు సిలిండర్‌కు మూడేళ్ళకోసారి చేయించాల్సిన హైడ్రో టెస్టు (నీటి ఒత్తిడితో చేసే పరీక్ష) తేదీ కూడా అక్కడే చూపించు.

ఎయిర్ ఫిల్టరు గురించి ఎక్కువ చెప్పను. నువ్వు తిరిగేది మల్కాపురం, గాజువాక. అక్కడి నల్లధూళికి పుస్తకంలో రాసిన కిలోమీటర్ల దాకా ఆగితే కుదరదు, సగంలోనే మార్చు. టైర్లలో గాలి సరిగా పెట్టు. వెనక చక్రాలు జాకీ మీద లేపి చేత్తో తిప్పు, బరబరా రాసుకుంటే హ్యాండ్ బ్రేకు కేబుల్ పట్టేసినట్టు. ఎత్తులో ఇంజన్ మోత పెరిగి వేగం పెరగకపోతే క్లచ్ ప్లేటు అయిపోయినట్టే.

లోపాలన్నీ తీసేశాక కూడా ట్రాలీ బరువు బరువే కదా. లెక్క చెబుతాను. సరుకుతో వ్యాను 1,500 కిలోలు, ట్రాలీ 500 అనుకుందాం. పది అడుగులకు ఒక అడుగు లేచే ఎత్తులో, ఆ 2,000 కిలోలను పైకి లాగడానికి 200 కిలోల లాగుడు కావాలి. గంటకు 40 కిలోమీటర్లతో ఎక్కాలంటే ఆ వాలు ఒక్కదానికే 30 పీఎస్ దాకా ఖర్చవుతుంది. 20తో ఎక్కితే 15 చాలు. అంటే బలం లేదని బాధపడే చోట వేగం తగ్గించుకుంటే అదే ఇంజన్ సరిపోతుంది. ఈ ఇంజన్‌కు టార్క్ ఎక్కువగా ఉండేది 3,000 ఆర్‌పీఎం (నిమిషానికి ఇంజన్ తిరిగే చుట్లు) దగ్గర. మీటరు లేకపోయినా చెవికి తెలుస్తుంది, మోత నిండుగా, తెరిపి లేకుండా ఉండాలి. గుద్దుకుంటున్నట్టు వినిపించిందంటే గేరు తగ్గించడంలో అప్పటికే ఆలస్యం చేశావన్నమాట. మలుపులోకి వెళ్ళాక కాదు, మలుపుకు ముందే తగ్గించు. సగం క్లచ్ మీద బండిని ఆపి ఉంచకు. ఏసీ కట్టేయి. ఉష్ణోగ్రత ముల్లు పైకి జరుగుతుంటే సిగ్గుపడకుండా పక్కకు ఆపి వెనక బస్సుకు దారి ఇవ్వు.

అనంతగిరి ఘాట్ మాత్రం పెట్రోలు మీదే ఎక్కు. పోయిన పదోవంతు తిరిగి వచ్చే దారి అదొక్కటే, దానికి స్విచ్ నొక్కితే చాలు. గ్యాసు మీద మిగిలిన డబ్బులో ఆ కాస్త పెట్రోలు లెక్కలోకి రాదు. అయితే ట్యాంకులో నెలల తరబడి అడుగంటిన పెట్రోలు ఉంచకు. లోపలి పంపు పెట్రోలులో మునిగి ఉండి చల్లబడుతుంది, ఎండబెడితే కాలిపోతుంది. రోజూ నాలుగు కిలోమీటర్లు పెట్రోలు మీద నడిపితే ఇంజెక్టర్లు పూడుకుపోవు.

ఒక మాట నిష్కర్షగా చెప్పాలి. ఆ వ్యాను ట్రాలీ లాగడానికి తగినదేనా? కంపెనీ పుస్తకం చూడు. అందులో లాగే బరువుకు అనుమతి లేకపోతే పైన రాసినదేదీ ఆ లోటు పూడ్చదు, జనరేటర్‌ను వేరే బండిలో పంపు. చట్టం దృష్టిలో ట్రాలీ కూడా ఒక వాహనమే, దానికి రిజిస్ట్రేషన్ ఉండాలి. జనరేటర్‌ను ట్రాలీ ఇరుసుకు కాస్త ముందుకు జరిపి కట్టు, మొత్తం బరువులో పదోవంతు హుక్కు మీద పడాలి. వెనక్కి ఉంటే తోక ఊగుతుంది. కేబుల్ చుట్టలు, వెల్డింగ్ సామాను, అక్కర్లేని ఇనుము షెడ్డులోనే దించేయి. దిగేటప్పుడు నిన్ను నెట్టేది ఆ ట్రాలీయే. ఎక్కిన గేరులోనే దిగు. మీ అమ్మ అసలు భయం నువ్వు దిగడం గురించే.

ఆదివారం పొద్దున్న ఆరింటికి వ్యాను తీసుకుని రా. ముందు రోజు రాత్రే నా షెడ్డు దగ్గర పెట్టి వెళ్ళినా సరే, ప్లగ్గులు విప్పడానికి ఇంజన్ చల్లగా ఉండాలి. ట్రాలీ మీ ఇంటి దగ్గరే ఉంచు.

మీ మామయ్య