ఓడ ఆరింటికే రేవుకొచ్చింది, మేం దిగేసరికి తొమ్మిది దాటింది... కేసు వేయొచ్చా?

ప్రశ్న: మాది కాకినాడ. హైదరాబాద్‌లోని ఒక ట్రావెల్ ఏజెంటు దగ్గర నేను, మావారు, అత్తగారు అమెరికా ప్యాకేజీ తీసుకున్నాం. మయామీ నుంచి బహామాస్ వెళ్లొచ్చే క్రూయిజ్, తిరిగొచ్చిన రోజు ఉదయం 9.20కి డాలస్ విమానం, అన్నీ ఆయనే బుక్ చేశారు. ఆ సాయంత్రం డాలస్‌లో మా అమ్మాయి సీమంతం. ఓడ ఆరింటికే రేవులో ఆగింది. పాస్‌పోర్టులు చేత్తో పట్టుకుని మూడు గంటలు కూర్చున్నాం, దిగనివ్వలేదు. విమానం తప్పిపోయింది. కొత్త టికెట్లకు 96 వేలయ్యాయి. మేం చేరేసరికి గాజులు తొడగడం, హారతి అన్నీ అయిపోయాయి. మమ్మల్ని అలా ఆపేయడం అక్రమ నిర్బంధం కాదా? ఎవరి మీద కేసు వేయాలి?

జవాబు: మీ బాధ అర్థమైంది. అయితే కోపం ఓడ మీద చూపిస్తున్నారు, కేసు ఉన్నది ఏజెంటు మీద.

ముందు నిర్బంధం సంగతి. తాడు కట్టేయగానే ఓడ వచ్చేసినట్టు మనకు అనిపిస్తుంది. అమెరికా కస్టమ్స్ చట్టం అలా అనుకోదు. పరాయి దేశపు రేవులకు వెళ్లొచ్చిన ఓడ అక్కడి అధికారులకు నివేదించి, వాళ్లు సరేనన్నాకే మనుషుల్ని దించాలి. అంతకుముందు మిమ్మల్ని వదిలితే తప్పు చేసినవాడు కెప్టెన్ అవుతాడు. పైగా సామాను ముందురాత్రే గది బయట పెట్టి ఉంటే, మీ ట్యాగు నంబరు పిలిచేదాకా ఆగాల్సిందే. పెట్టెలు తామే మోసుకుని దిగేవాళ్లను చాలా ఓడల్లో ముందు పంపిస్తారు. ఈ సంగతి మీకు ఎవరైనా చెప్పారా? చెప్పకపోతే అదీ మీ కేసుకు పనికొస్తుంది.

ఓడ కంపెనీని కోర్టుకీడ్చాలంటే ఇంకో చిక్కుంది. టికెట్టు వెనక సన్నటి అక్షరాల్లో ఫలానా ఊరి కోర్టులోనే దావా వేయాలని రాసి ఉంటుంది. 1991లో కార్నివాల్ క్రూయిజ్ లైన్స్ కేసులో అమెరికా సుప్రీంకోర్టు ఆ షరతు చెల్లుతుందని తేల్చింది. ఆ కేసులో ప్రయాణికులు వాషింగ్టన్ రాష్ట్రంవాళ్లు, ఓడెక్కింది లాస్ ఏంజెలెస్‌లో. దావా మాత్రం దేశం ఆ కొసనున్న ఫ్లోరిడాలోనే వేసుకోమంది. వాళ్ల సొంత పౌరులకే అలా చెప్పారు. 96 వేల కోసం మీరు అంతదూరం పోవడం దండగ.

ఇక ఏజెంటు. డబ్బు తీసుకుని, ఓడ దిగే రోజే పొద్దున్న తొమ్మిదిన్నర లోపు విమానం ఎంచింది ఆయన. మయామీలో ఓడ దిగే రోజు మధ్యాహ్నం లోపు విమానం పెట్టుకోవద్దని క్రూయిజ్ కంపెనీలే సాధారణంగా హెచ్చరిస్తాయి. రేవు నుంచి విమానాశ్రయం ఇరవై నిమిషాల దారే, కానీ ఆలస్యమయ్యేది దారిలో కాదు, ఓడలోనే. ఇది తెలియనివాడు క్రూయిజులు అమ్మకూడదు. 2019 వినియోగదారుల రక్షణ చట్టం సెక్షన్ 2(11) ప్రకారం ఇది సేవాలోపమే అని నా అభిప్రాయం. ‘నేను మధ్యవర్తిని మాత్రమే’ అని ఆయన తప్పకుండా అంటారు. విమానం వేళ ఎంచింది ఓడ కంపెనీ కాదు కదా! ‘హెచ్చరిక మీ ఈమెయిల్‌లోనే ఉంది, చదువుకోలేదు’ అని కూడా అనొచ్చు. నిజంగా ఉంటే పరిహారం కొంత తగ్గవచ్చు. అయితే ఆ కాగితం ఆయనకూ ఎదురుతిరుగుతుంది: అది దగ్గరుంచుకుని కూడా 9.20 విమానం ఎలా బుక్ చేశారు?

హైదరాబాద్ తిరగక్కర్లేదు. పాత చట్టంలో ఆ తిప్పలు ఉండేవి. ఇప్పుడు సెక్షన్ 34 కింద మీరు నివసించే చోటే, అంటే కాకినాడ జిల్లా వినియోగదారుల కమిషన్‌లోనే వేయొచ్చు. ప్యాకేజీకి కట్టింది 5 లక్షల లోపైతే ఫీజు లేదు, 5 నుంచి 10 లక్షల మధ్యయితే 200 రూపాయలు. గడువు రెండేళ్లు. ప్రయాణ బీమా ఉంటే విమానం తప్పిన సందర్భానికి వర్తిస్తుందేమో ఈలోగా చూడండి.

టికెట్ల డబ్బు రాబట్టడం అంత కష్టం కాదు. సీమంతం తప్పిన బాధకు ఎంత వస్తుందన్నదే ప్రశ్న. కాంట్రాక్టు చట్టం సెక్షన్ 73 ఇక్కడ దారి చూపిస్తుంది: ఒప్పందం నాటికే ఇరుపక్షాలకూ తెలిసిన పర్యవసానానికి పరిహారం అడగొచ్చు. ‘ఆ సాయంత్రానికి డాలస్‌లో ఉండి తీరాలి, అమ్మాయి సీమంతం’ అని బుకింగుకు ముందు మీరు ఆయనకు చెప్పారా? వాట్సాప్‌లో రాసి ఉంటే ఆ ఒక్క మెసేజీ మీ మిగతా కాగితాలన్నిటికన్నా విలువైనది. నోటిమాటగా చెప్పి ఉంటే మీవారు విన్నారని అఫిడవిట్ వేయొచ్చు, కాకపోతే అంత బలం ఉండదు. ఎలా చూసినా లక్షలు వస్తాయని ఆశపెట్టుకోకండి.

ఫోను మార్చకండి, చాట్ చెరపకండి. స్క్రీన్‌షాట్లతో పాటు భారతీయ సాక్ష్య అధినియం (కొత్త సాక్ష్య చట్టం) సెక్షన్ 63 కింద ఎలక్ట్రానిక్ సాక్ష్యానికి కావాల్సిన ధ్రువపత్రం జతచేయండి. బోర్డింగ్ పాసులు, కొత్త టికెట్ల రసీదులు, ఓడలో ఇచ్చిన ట్యాగులు దాచారో లేదో చూసుకోండి. ముందు పదిహేను రోజుల గడువుతో ఏజెంటుకు లాయరు నోటీసు పంపండి. చాలామంది అక్కడే రాజీకొస్తారు. నోటీసులో టికెట్ల లెక్క తరవాత రాయండి, మొదటి పేరాలోనే సీమంతం తేదీ, వేళ, ఆ వాట్సాప్ పంపిన రోజు ఉండాలి.