నాణేలపై మీ ప్రశ్నలు: ‘పంది రూపాయి’ని గుర్తుపట్టేదెలా?

ప్రశ్న: మా తాతగారి ట్రంకుపెట్టెలో 1911 నాటి వెండి రూపాయి దొరికింది. అయిదో జార్జి రాజు అంగీ మీద ఏనుగు ఉండాల్సిన చోట పంది ఉంటే అది అరుదైన నాణెమట కదా! నాదీ అదేనా? బాగా నల్లబడింది. చింతపండుతో తోమి చూడనా?
– ఒక పాఠకురాలు, తణుకు

జవాబు: దయచేసి తోమకండి. నలుపు తీద్దామని చింతపండో, పళ్లపొడో పెడితే పైపొర కూడా పోతుంది. సన్నటి గీతలు పడతాయి. తోమిన నాణేన్ని ఏ సేకర్తా పూర్తి ధరకు కొనడు, పోయిన పొర మళ్లీ రాదు. జిడ్డు ఉంటే అసిటోన్‌లో రెండు నిమిషాలు ఉంచి తీయండి. దీపాలకూ పొయ్యికీ దూరంగా, కిటికీలు తెరిచి ఈ పని చేయండి. గుడ్డతో రుద్దకుండా గాలికే ఆరనివ్వండి.

అంగీ మీద చెక్కింది నిజానికి ఏనుగునే. రాజు వేసుకున్న బిరుదు గొలుసులో అది ఒక భాగం. తొండం మరీ పొట్టిగా రావడంతో పందిలా కనిపించి జనంలో, ముఖ్యంగా ముస్లింలలో, అలజడి రేగింది. ఆ ఏడాది కొట్టిన దాదాపు 94 లక్షల రూపాయల్లో సుమారు 7 లక్షలే బయటికి వెళ్లాయి. మిగతావి కరిగించేశారు. 1912 నుంచి తొండం పొడుగ్గా, స్పష్టంగా ఉన్న కొత్త అచ్చు వాడారు.

కాబట్టి 1911 రూపాయిలన్నీ పందివే. మీరు తేల్చుకోవాల్సింది ఏనుగా పందా అని కాదు, మీ చేతిలో ఉన్నది అసలుదా కాదా అని. ఇక్కడ తొండమే మీకు సాక్షి. 1912 నాణెం మీద చివరి 2ని గీకి 1గా మార్చినా తొండాన్ని పొట్టి చేయడం కష్టం. పదింతలు పెద్దదిగా చూపే భూతద్దంతో, పక్కనుంచి పడే దీపపు వెలుగులో నాణేన్ని మెల్లగా తిప్పుతూ చూడండి. తొండం పొడుగ్గా ఉండి తేదీ 1911 అని ఉంటే అంకె చుట్టూ గీకిన జాడలు వెతకండి. 1912 తర్వాతి నాణెం అరిగిపోతే దాని తొండమూ పొట్టిగానే అనిపిస్తుంది. అందుకే ముందు తేదీ చూడాలి.

తర్వాత బరువు. అసలు రూపాయి 11.66 గ్రాములు, అంటే సరిగ్గా పాత తులం. చేతులు మారి అరిగినది 11.4 దాకా తూగవచ్చు. బరువు సరిపోయినంత మాత్రాన నమ్మకండి, వెండి పూత వేసిన నకిలీకీ ఆ బరువు తేవచ్చు. 0.01 గ్రాము చూపే త్రాసు మీద నీళ్ల గ్లాసు పెట్టి సున్నా చేయండి. నాణేన్ని సన్నదారంతో కట్టి, అడుగుకూ అంచుకూ తగలకుండా పూర్తిగా ముంచండి. బుడగలు అంటుకుంటే లెక్క తప్పుతుంది, వాటిని పోగొట్టండి. 11.66 గ్రాముల నాణేనికి త్రాసు 1.13 దగ్గర ఆగాలి. రాగి అయితే 1.30 చూపుతుంది. అరిగిన నాణెమైతే దాని మామూలు బరువును, నీళ్లలో ముంచినప్పుడు త్రాసు చూపిన అంకెతో భాగించండి, 10.3 చుట్టుపక్కల రావాలి. 91.7 శాతం వెండి లెక్క అదే.

వెనకవైపు తేదీ కింద తామర పువ్వుంటుంది. దాని దిగువన చిన్న చుక్క ఉంటే బొంబాయి టంకశాలది, లేకపోతే కలకత్తాది.

ప్రశ్న: నా దగ్గరున్న నాణెం మీద తేదీ అంకెలు, వాటి కింది నక్షత్రం జంటగా కనిపిస్తున్నాయి. ఇది డబుల్ డై (నాణెం కొట్టే అచ్చు, అంటే డైలోనే బొమ్మ జంటగా పడిన రకం) అవుతుందా?
– ఒక పాఠకుడు, వరంగల్

జవాబు: నక్షత్రం మన హైదరాబాద్ టంకశాల గుర్తు. జంటగా కనిపించేవాటిలో ఎక్కువ భాగం మెషీన్ డబ్లింగే. దెబ్బ పడే క్షణంలో డై కాస్త వదులై కదిలితే, అప్పటికే లేచిన అంకె అంచు నలిగి పక్కకు జరుగుతుంది. అలా ఏర్పడిన రెండో అంకె మెట్టులా చదునుగా, తక్కువ ఎత్తులో ఉంటుంది. అసలు అంకె కూడా ఆ మేరకు సన్నబడుతుంది. దీనికి విలువ లేదు.

డబుల్ డైలో తేడా డైలోనే పుడుతుంది. రెండు అంకెలూ గుండ్రంగా, ఒకే ఎత్తున నిలబడతాయి. మూలల్లో గాటు పెట్టినట్టు చీలిక కనబడుతుంది. అన్నిటికన్నా గట్టి రుజువు మరొకటుంది: అదే డైతో కొట్టిన మరో నాణెం మీద అదే తేడా, అదే చోట ఉండాలి. అందుకని ఒక్క నాణెం చూసి సంతోషపడకుండా అదే సంవత్సరం, అదే నక్షత్రం ఉన్నవి ఓ యాభై పోగేసి పోల్చి చూడండి.

ప్రశ్న: డాలస్‌లో ఉన్న మా అబ్బాయి నా 1911 రూపాయిని పట్టుకెళ్లి అక్కడ గ్రేడింగ్ (నాణెం స్థితిని పరీక్షించి స్థాయి నిర్ణయించడం) చేయిస్తానంటున్నాడు. ఫర్వాలేదా?
– ఒక పాఠకుడు, గుంటూరు

జవాబు: పంపకండి. 1972 నాటి పురావస్తు చట్టం ప్రకారం నూరేళ్లు దాటిన నాణెం పురావస్తువే. దాన్ని దేశం దాటించే అధికారం కేంద్ర ప్రభుత్వానికి, అది అనుమతించిన సంస్థలకు మాత్రమే ఉంది. బ్యాగులో వేసుకెళ్లినా నేరమే. పెట్టెలో దొరికినది కాబట్టి మరో చిక్కు లేదు. అదే మట్టిలో దొరికి, విలువ పది రూపాయలు మించితే 1878 నాటి నిధి చట్టం కింద కలెక్టరుకు తెలియజేయాలి.