హెచ్61 బోర్డులో 8 జీబీ ర్యామ్ పెడితే డిస్‌ప్లే రాకపోవడం గురించి

మీ ఇంటెల్ హెచ్61 మదర్‌బోర్డులో పాత 4 జీబీ ర్యామ్ బాగానే పనిచేస్తున్నా, ఆన్‌లైన్‌లో కొన్న 8 జీబీ డీడీఆర్3 ర్యామ్ పెడితే ఫ్యాను తిరగడమే తప్ప డిస్‌ప్లే రావడం లేదని, బోర్డు పోయినట్టేనా అని అడిగారు. పాత ర్యామ్‌తో డిస్‌ప్లే వస్తున్నంతవరకు బోర్డును అనుమానించనక్కరలేదు. గాజువాకలో మా బావగారి జిరాక్స్ షాపు కంప్యూటరుకు సరిగ్గా ఇదే జరిగింది.

డీడీఆర్3, డీడీఆర్4 అనే రెండు తరాల ర్యామ్‌లకు గాడి వేర్వేరు చోట్ల ఉంటుంది కనుక ఒకదాని స్లాటులో మరొకటి దిగనే దిగదు. కానీ రెండూ డీడీఆర్3యే అయి, లోపలి చిప్‌ల అమరిక మాత్రం వేరైనప్పుడు ర్యామ్ చక్కగా కూర్చుంటుంది, కంప్యూటరు మాత్రం లేవదు. అందుకే ముందుగా స్టిక్కరు చదవండి. మీ బోర్డుకు సరిపడే 8 జీబీ ర్యామ్ మీద సాధారణంగా ‘2ఆర్ఎక్స్8 పీసీ3-12800యూ’ అని ఉంటుంది. ఇందులో చివరి ‘యూ’ అది మామూలు డెస్క్‌టాప్ ర్యామ్ అని చెబుతుంది. అక్కడ ‘ఆర్’ ఉంటే అది సర్వర్లది, ఎంత చవకగా వచ్చినా మనకు పనికిరాదు. ‘ఎక్స్8’ అంటే ఒక్కో చిప్ 8 బిట్ల వెడల్పుది. మా బావగారికి వచ్చినదాని మీద ‘ఎక్స్4’ అని ఉంది. ఇంటెల్ డెస్క్‌టాప్ ప్రాసెసర్లలోని మెమరీ కంట్రోలరు ఆ రకాన్ని గుర్తించదు. అమ్మకపు పేజీలో అట్టడుగున ‘ఏఎమ్‌డీ బోర్డులకు మాత్రమే’ (అంటే ఇంటెల్‌కు పోటీ కంపెనీ ప్రాసెసర్ల బోర్డులకు) అని రాసే ఉంది. అంత కిందికి ఎవరు చదువుతారు?

వేగం గురించి అంతగా ఆలోచించకండి. 1600 మెగాహెర్ట్జ్ ర్యామ్‌ను (స్టిక్కరు మీది 12800 అంటే ఇదే) రెండో తరం ఇంటెల్ ప్రాసెసరుతో వాడితే 1333కు తగ్గి నడుస్తుంది, అంతే.

స్టిక్కరు సరిగానే ఉంటే, పవర్ కేబుల్ తీసి, ర్యామ్ బంగారు అంచులను పెన్సిల్ రబ్బరుతో మెల్లగా రుద్ది మళ్లీ పెట్టి చూడండి. విశాఖ సముద్రపు గాలికి ఆ అంచుల మీద మురికి త్వరగా పడుతుంది. అప్పటికీ రాకపోతే ర్యామ్ వాపసు చేసి, క్యాబినెట్‌ను ద్వారకానగర్‌లో ఏదైనా షాపుకు తీసుకువెళ్లి, అక్కడే వేయించి, బయాస్‌లో (విండోస్ మొదలయ్యే ముందు తెరుచుకునే సెట్టింగుల తెరలో) పాతదీ కొత్తదీ కలిపి మొత్తం 12 జీబీ కనిపించాకే డబ్బు ఇవ్వండి. విండోస్ 32 బిట్‌ది అయితే 4 జీబీకి మించి వాడుకోలేదు కనుక దాన్ని కూడా 64 బిట్‌కు మార్చుకోవలసి ఉంటుంది.