రేసు బోట్ల కాక్‌పిట్లు డిజైన్ చేస్తానంటోంది మా అమ్మాయి, ఒప్పుకోవచ్చా?

ప్రశ్న: మా అమ్మాయి మెకానికల్ ఇంజినీరింగ్ మూడో సంవత్సరం చదువుతోంది. సముద్రంలో జరిగే పవర్‌బోట్ రేసుల్లో డ్రైవర్లను కాపాడే కాక్‌పిట్లు, వాటిపైన ఉండే కానోపీలు (మూసి ఉంచే పారదర్శక కప్పులు) డిజైన్ చేయడమే తన లక్ష్యమంటోంది. అసలు ఇది ఉద్యోగమేనా? తను కూడా ఆ బోట్లు ఎక్కాల్సి వస్తుందా? మాకు చాలా టెన్షన్‌గా ఉంది.

జవాబు: ముందు మీ టెన్షన్ సంగతి. కాక్‌పిట్ డిజైన్ చేసే ఇంజినీరు రేసులో బోటు నడపాల్సిన పని లేదు. పెద్ద క్లాసుల్లో స్టీరింగ్ ఒకరు, థ్రాటిల్ (ఇంజిన్ వేగాన్ని పెంచి తగ్గించే మీట) ఇంకొకరు చూసుకుంటారు, ప్రమాదం వాళ్లిద్దరిది. మీ అమ్మాయి ఎక్కువగా కంప్యూటర్ ముందు, వర్క్‌షాపులో, టెస్టులు జరిగే చోట ఉంటుంది.

ఉద్యోగమేనా అంటే, అవును. కానీ రేసు బోట్ల కానోపీలు మాత్రమే చేసే ఉద్యోగాలు ప్రపంచమంతా వెతికినా కొద్దిగానే ఉంటాయి. అందుకే తనకు నేను చెప్పేది ఒకటే: కానోపీ అనే వస్తువు దగ్గర ఆగిపోవద్దు, బోటు అలను గుద్దిన క్షణం నుంచి మనిషి నీళ్ల పైకొచ్చి ఊపిరి తీసుకునేదాకా ఏం జరుగుతుందో అదంతా నేర్చుకోవాలి. ఎందుకలా అంటున్నానో కాస్త వివరంగా చెప్పనివ్వండి, ఎందుకంటే కెరీర్ ఎంపిక కూడా అక్కడి నుంచే తేలుతుంది.

ఒకప్పుడు ఈ బోట్లకు పైకప్పే ఉండేది కాదు. ఫార్ములా వన్‌లో ఫెరారీ నడిపిన దిదియే పిరోనీ 1987 ఆగస్టు 23న ఇంగ్లండ్‌లోని ఐల్ ఆఫ్ వైట్ దగ్గర రేసులో బోటు తిరగబడి చనిపోయారు, బోటులో ఉన్న మిగతా ఇద్దరూ బతకలేదు. 1990 అక్టోబర్ 3న మొనాకో తీరంలో మొనాకో యువరాణి కారొలిన్ భర్త స్టెఫానో కాసిరాగి తన ప్రపంచ టైటిల్ నిలబెట్టుకునే రేసులోనే ప్రాణాలు కోల్పోయారు. ఆ తర్వాత నిబంధనలు బాగా బిగిశాయి. మూసి ఉండే కాక్‌పిట్లు అంతకు కొన్నేళ్ల ముందే మొదలయ్యాయి, 1980ల రెండో సగంలో అమెరికాలో ఎఫ్-16 యుద్ధవిమానాల కానోపీలనే తెచ్చి రేసు బోట్లకు బిగించారు.

కానోపీ ఎందుకంత ముఖ్యమో ఒక్క లెక్కతో తెలిసిపోతుంది, మీ అమ్మాయిని కాగితం మీద వేయమనండి. గంటకు 160 కిలోమీటర్లంటే సెకనుకు దాదాపు 44 మీటర్లు. ఆ వేగంతో వెళ్లే బోటు ముక్కు అలలోకి దూరితే ఎదురొచ్చే సముద్రపు నీటి ఒత్తిడి సుమారు పది అట్మాస్ఫియర్లు, అంటే ఒక్కో చదరపు మీటరు మీద నూరు టన్నుల బరువు పడ్డట్టు. వేగం రెట్టింపైతే అది నాలుగు రెట్లవుతుంది. పెద్ద క్లాసు బోట్లు గంటకు 200 కిలోమీటర్లు దాటి పోతాయి. ఆ నీటికి నేరుగా ఎదురుగా ఉన్నది మనిషి ముఖం, మెడ అయితే ఏమవుతుందో నేను వేరే చెప్పక్కర్లేదు.

సరే, కానోపీ వచ్చింది. దెబ్బ నుంచి కాపాడింది, కానీ ఇంకో ప్రమాదాన్ని తెచ్చింది. అంతకుముందు బోటు బోల్తా పడితే మనిషి ఎగిరి నీళ్లలో పడేవాడు, ఇప్పుడు మూసి ఉన్న కాక్‌పిట్‌లో బెల్టులతో కట్టేసినట్టు తలకిందులుగా వేలాడుతూ, చుట్టూ నీళ్లు నిండుతుంటే ఉండిపోతాడు. దెబ్బకు బతికి నీళ్లకు చనిపోయే పరిస్థితి. కానోపీలు మామూలైపోయాక కూడా ప్రాణాలు పోతూనే ఉన్నాయి: 2009 డిసెంబరులో దుబాయ్‌లో ఇద్దరు, 2011 నవంబరులో అమెరికాలోని కీ వెస్ట్‌లో ఒకే వారంలో ముగ్గురు.

ఈ పనిలో అసలు కష్టం ఎక్కడుందో హ్యాచ్ (బయటపడే తలుపు) ఒక్కటి చూస్తే చాలు. అర మీటరు పొడవు, అర మీటరు వెడల్పు ఉన్న తలుపు అనుకుందాం, బోటు తిరగబడి అది అర మీటరు లోతులో ఉంది, కాక్‌పిట్‌లో ఇంకా గాలి ఉంది. బయటి నీళ్లు దాన్ని దాదాపు 125 కిలోల బరువుతో లోపలికి నొక్కుతుంటాయి. తలుపు బయటకు తెరుచుకునే రకమైతే లోపలా బయటా ఒత్తిడి సమానమయ్యేదాకా తలకిందులుగా ఉన్న మనిషి దాన్ని తోయలేడు. పోనీ లోపలికి తెరుచుకునేలా పెడదామా అంటే, ఇందాక చెప్పిన నీళ్ల దెబ్బకు అదే విరిగి మనిషి మీద పడుతుంది. దీనికి పుస్తకంలో రెడీమేడ్ జవాబు లేదు! రెండు హల్‌లు (నీళ్ల మీద తేలే బోటు అడుగు భాగాలు) ఉన్న కాటమరాన్ తిరగబడితే పై హ్యాచ్ నీళ్ల కిందకు పోతుంది కాబట్టి బోటు అడుగు వైపు కూడా ఒక హ్యాచ్ పెడతారు, నీళ్లు నిండాక బయటపడేదాకా ఊపిరాడేందుకు చిన్న గాలి సిలిండరు పెడతారు. అప్పుడు కొత్త ప్రశ్నలు పుట్టుకొస్తాయి. ఆ సిలిండరు మౌత్‌పీస్ చీకట్లో, గ్లౌజులు వేసుకున్న చేతికి, బెల్టు విప్పకముందే అందుతుందా? కుడి చెయ్యి విరిగితే ఎడమ చేత్తో హ్యాచ్ పిడి తిప్పగలడా? పక్కవాడు స్పృహ తప్పితే రెండో మనిషి అతన్ని విడిపించగలడా?

కానోపీ కిటికీ కూడా అంతే. పాలీకార్బొనేట్ అనే గట్టి ప్లాస్టిక్ వంగుతుంది గానీ అక్రిలిక్‌లా సులువుగా పగలదు, అంతవరకు అందరికీ తెలుసు. కానీ కిటికీని ఫ్రేమ్‌కు లోపలి వైపు నుంచి బోల్టులతో వేలాడదీస్తే నీళ్ల దెబ్బకు అది చెక్కుచెదరకుండానే మొత్తంగా ఊడి లోపలికి వస్తుంది. బయటి నుంచి ఫ్రేమ్ అంచు మీద కూర్చోబెడితే అదే ఒత్తిడి దాన్ని ఇంకా గట్టిగా అదిమిపెడుతుంది. మెటీరియల్ మంచిదైనా బిగింపు చెడ్డదైతే మనిషి పోతాడు.

ఇక చదువు. బీటెక్ మార్చాల్సిన పని లేదు, మెకానికల్ చక్కగా సరిపోతుంది. ఆఖరి ఏడాది ప్రాజెక్టు కాంపోజిట్స్ (ఫైబర్ పొరలను రెజిన్‌తో కలిపి చేసే పదార్థాలు) మీద చేయమనండి: కార్బన్ ఫైబర్, కెవ్లార్ ప్యానెళ్లు తన చేతులతో వేసి, విరగ్గొట్టి, ఎక్కడ పొరలు విడిపోయాయో చూడాలి. సిమ్యులేషన్ సాఫ్ట్‌వేర్ కూడా రావాలి, అయితే ప్యానెల్ విరగ్గొట్టకుండా స్క్రీన్ మీద రంగుల బొమ్మలు మాత్రమే చూసినవాళ్లను ఈ రంగంలో నేను నమ్మను. చిన్న బోట్ల నిర్మాణ బలానికి ఐఎస్ఓ 12215 ప్రమాణం ఉంది, ఆ రేసుల అంతర్జాతీయ సంస్థ యూఐఎం నిబంధనల్లో కాక్‌పిట్ భాగం ఉంది, రెండూ ఇప్పుడే చదవడం మొదలుపెట్టొచ్చు. మాస్టర్స్‌కు నేవల్ ఆర్కిటెక్చర్ గానీ కాంపోజిట్ స్ట్రక్చర్స్ గానీ బాగుంటాయి, ఇంగ్లండ్‌లో సౌతాంప్టన్ యూనివర్సిటీకి షిప్ సైన్స్‌లో మంచి పేరుంది. ఏది తీసుకున్నా మానవ శరీరం దెబ్బను ఎలా తట్టుకుంటుందో చెప్పే బయోమెకానిక్స్ పేపరు ఒకటి తప్పకుండా ఉండాలి. మెడను కాపాడే హాన్స్ పరికరం రూపొందించిన రాబర్ట్ హబ్బర్డ్ బయోమెకానిక్స్ ప్రొఫెసరే.

మొనాకో ఎనర్జీ బోట్ చాలెంజ్ అని విద్యార్థి జట్ల పోటీ ఒకటుంది. అందులో ఎనర్జీ క్లాసు జట్లకు ఒకే రకం కాటమరాన్ హల్‌లు ఇస్తారు, కాక్‌పిట్, మోటారు వ్యవస్థ జట్టే చేసుకోవాలి. తన కాలేజీలో జట్టు లేకపోతే మొదలుపెట్టమనండి, రెజ్యూమెలో ఇంతకన్నా నేరుగా పనికొచ్చేది నాకు కనిపించట్లేదు.

జీతం సంగతి మీరు అడగలేదు గానీ మనసులో ఉండే ఉంటుంది. రేసింగ్ టీములు స్పాన్సర్ల మీద నడుస్తాయి, స్పాన్సర్ వెళ్లిపోతే టీమూ ఉండదు. దాన్నే నమ్ముకుని కూర్చోమని చెప్పను. అయితే ఇదే నైపుణ్యం సముద్రం మీద దిగిపోయే హెలికాప్టర్ల నుంచి తప్పించుకునే ఏర్పాట్లకు, కోస్ట్‌గార్డ్, నౌకాదళాల వేగపు బోట్లకు, దెబ్బను తగ్గించే సీట్లకు, లైఫ్‌బోట్లకు అక్కరకొస్తుంది, అక్కడ ఉద్యోగాలు స్థిరంగా ఉంటాయి. మొదటి ఉద్యోగం అలాంటి చోట తీసుకుని, సెలవుల్లో రేసుల దగ్గర టెక్నికల్ తనిఖీ బృందాలకు సాయం చేస్తూ లోపలికి రావడం మంచి దారి.

ఇంకొక్క మాట. వీలైతే హెలికాప్టర్ సిబ్బందికి, సముద్రపు చమురు బావుల మీద పనిచేసేవాళ్లకు ఇచ్చే నీటి అడుగు ఎస్కేప్ శిక్షణ తనతో చేయించండి. స్విమ్మింగ్ పూల్‌లోనే, పక్కన డైవర్లు ఉండగా జరుగుతుంది. బెల్టుతో సీట్లో కూర్చోబెట్టి నీళ్లలో తిప్పేస్తారు, దారి తప్పకుండా ఒక చెయ్యి ముందే గుర్తుపెట్టుకున్న పిడి మీదే ఉంచి, కదలిక ఆగాక బెల్టు విప్పుకుని బయటకు రావాలి. ఆ కొద్ది సెకన్లలో పైకీ కిందకీ తేడా తెలియకపోవడం ఏమిటో అర్థమైతే, పిడి ఎక్కడ పెట్టాలో తను గీసే డ్రాయింగే మారిపోతుంది. ఈత రాకపోతే ముందు అది నేర్పించండి, ఫైనలియర్ మొదలయ్యేలోపు సమయం సరిపోతుంది.