ఐపీ పెట్టాలంటే లాయర్ని ఎలా వెతుక్కోవాలి?

ప్రశ్న: మావారికి తెనాలిలో బట్టల షాపు ఉండేది. పోయినేడాది మూసేశాం. ప్రోనోట్ల మీద తెచ్చినవి, రెండు చీటీలు, క్రెడిట్ కార్డులు, ఇల్లు తాకట్టు పెట్టి తీసుకున్న బ్యాంకు లోను అన్నీ కలిపితే 38 లక్షలు తేలాయి. రెండు నోట్ల మీద జామీనుగా నేనూ సంతకం పెట్టాను. రోజూ ఎవరో ఒకరు గుమ్మం ముందుకొచ్చి అరుస్తున్నారు, ఆయనకు నిద్ర లేదు. అందరూ ఐపీ, అంటే దివాలా పిటిషన్, పెట్టమంటున్నారు. హైదరాబాద్‌లో ఏదో సంస్థ అప్పులన్నీ సగానికి సెటిల్ చేస్తామంటూ నెలనెలా ఫీజు కట్టమంటోంది. మా బావగారేమో ఊళ్లో ఆయన పేరున ఉన్న ఎకరం ముందు మా అమ్మాయికి రాసేసి తర్వాత ఐపీ పెట్టమంటున్నారు. ఇలాంటి కేసులు చూసే లాయర్ని ఎక్కడ పట్టుకోవాలి? — పేరు రాయవద్దన్న పాఠకురాలు, తెనాలి

జవాబు: ముందు పొలం సంగతి చెబుతాను, ఎందుకంటే ఆ రిజిస్ట్రేషన్ జరిగిపోయాక ఎంత మంచి లాయరు దొరికినా సరిదిద్దడం కష్టం. ఆ ఎకరం అమ్మాయి పేరున రాయించకండి. మన రెండు రాష్ట్రాల్లో మామూలు మనుషుల ఐపీలు ఇప్పటికీ 1920 నాటి ప్రొవిన్షియల్ ఇన్సాల్వెన్సీ చట్టం కిందే నడుస్తున్నాయి. డబ్బు తీసుకోకుండా ఇంట్లోవాళ్లకు ఆస్తి రాసిచ్చి రెండేళ్లలోపు ఐపీ వేసి, దివాలాదారుగా ఉత్తర్వు వస్తే, ఆ రాతకోతల్ని కోర్టు రద్దు చేయొచ్చని అందులో 53వ సెక్షన్ ఉంది. పొలం ఎలాగూ వెనక్కి వస్తుంది, పైగా మీవారు అప్పులవాళ్లను ముంచడానికే ఇదంతా చేశారన్న ముద్ర పడుతుంది. బావగారు మీ మంచి కోరే చెప్పి ఉంటారు. కానీ ఇదే సలహా ఏ లాయరైనా ఇస్తే మాత్రం అక్కడి నుంచి లేచి వచ్చేయండి, అంతకంటే స్పష్టమైన గుర్తు ఇంకోటి అక్కర్లేదు.

ఇక లాయరు. హైదరాబాద్ వెళ్లాల్సిన పనేమీ లేదు. అప్పుపడ్డ మనిషి ఎక్కడ ఉంటున్నాడో, ఎక్కడ వ్యాపారం చేస్తున్నాడో అక్కడి కోర్టులోనే ఐపీ వేయాలి, అంటే మీకు తెనాలి కోర్టు. మనవైపు వీటిని ఎక్కువగా సీనియర్ సివిల్ జడ్జి కోర్టులో, జనం ఇంకా సబ్ కోర్టు అని పిలిచే దాంట్లో వేస్తుంటారు. బయటి ఊరి పెద్ద లాయర్ని పెట్టుకుంటే మొదటి వాయిదాకు ఆయన వస్తారు, తర్వాత స్థానికంగా ఒక జూనియర్‌కి అప్పగిస్తారు, మీరు ఇద్దరికీ ఫీజు కట్టుకుంటూ కూర్చుంటారు. ఐపీ అనేది ఏళ్ల తరబడి వాయిదాలు పడే కేసు, కాబట్టి మీరు పొద్దున్నే వెళ్లి కలవగలిగే దూరంలో ఉన్న మనిషి కావాలి.

ఎవరు ఐపీలు చేస్తారో తెలుసుకోవడానికి ఒక తేలికైన దారి ఉంది, దీన్ని ఎవరూ వాడుకోవడం లేదు. ఫోన్‌లో ఈ-కోర్ట్స్ వెబ్‌సైట్ తెరిచి, కేస్ స్టేటస్‌లోకి వెళ్లి, మీ రాష్ట్రం, జిల్లా, కోర్టు కాంప్లెక్స్ ఎంచుకుంటే కేసు రకం అని ఒక చోట వస్తుంది, అక్కడ ఐపీ అన్న రకం చూసుకుని ఏ సంవత్సరమో కొట్టండి. ఆ ఏడాది వేసిన ఐపీలు వరసగా వస్తాయి. ఒక్కొక్కటి తెరిస్తే పిటిషనర్ పేరు కింద వాళ్ల లాయరు పేరు ఉంటుంది, ఏ తేదీన ఏం జరిగిందో ఉంటుంది, కేసు ఎలా ముగిసిందో కూడా ఉంటుంది. రెండు మూడేళ్లవి చూస్తే అవే పేర్లు మళ్లీమళ్లీ కనిపిస్తాయి, వాళ్లే మీ ఊళ్లో ఈ పని తెలిసినవాళ్లు. ఎవరి కేసులు హాజరు లేక కొట్టేశారో, ఎవరివి తీర్పు దాకా వెళ్లాయో అక్కడే తెలిసిపోతుంది. ఇది చేతకాకపోతే కోర్టు దగ్గర బార్ అసోసియేషన్‌లో అడగండి, లేదా ఎవరైనా ప్లీడరు గుమస్తాని కదిలించండి, ఎవరు ఏ కేసులు చూస్తారో వాళ్లకు బాగా తెలుసు. గూగుల్‌లో నంబర్ వన్ దివాలా లాయర్ అని కనిపించే ప్రకటనల్ని మాత్రం నమ్మకండి. లాయర్లు ప్రకటనలు ఇచ్చుకోకూడదని బార్ కౌన్సిల్ ఆఫ్ ఇండియా నిబంధనల్లో 36వది చెబుతోంది, కాబట్టి ఆ ప్రకటన వెనక ఉన్నది దళారీ అయినా అయి ఉంటాడు, నిబంధన పట్టించుకోని లాయరైనా అయి ఉంటాడు.

ఇద్దరు ముగ్గుర్ని కలిశాకే ఒకరికి వకాల్తా ఇవ్వండి. వెళ్లేటప్పుడు ఒక నోటు పుస్తకంలో అప్పులన్నీ రాసుకుని వెళ్లండి, ఎవరికి ఎంత, ఎప్పుడు తెచ్చారు, నోటా చెక్కా చేబదులా, వాళ్ల అడ్రసు ఏమిటి, ఎవరు జామీను, ఏది తాకట్టు. పిటిషన్‌లో అప్పులవాళ్లందరి పేర్లూ, అడ్రసులూ, ఉన్న ఆస్తి అంతా చూపించాల్సిందే. దాచితే అది నేరం, ఏడాది దాకా జైలు పడొచ్చు. బంధువుల దగ్గర తెచ్చిన చేబదుళ్లు కూడా రాయండి, మొహమాటపడి వదిలేసేది సరిగ్గా అవే. మంచి లాయరు ఆ పుస్తకం తిరగేసి మిమ్మల్ని తిరిగి ప్రశ్నలు అడుగుతారు. షాపు లెక్కల పుస్తకాలు ఉన్నాయా, చెక్కులు ఎవరికిచ్చారు, ఈ రెండేళ్లలో ఏమైనా అమ్మారా, ఈ మూడు నెలల్లో ఒక్కరికే ఎక్కువగా తీర్చారా అని. అవేమీ అడక్కుండా ఫీజెంతో చెప్పి, పదివేలు అడ్వాన్స్ ఇచ్చి వెళ్లండి అనేవాళ్ల దగ్గర మీ పని కాదు.

ఐపీతో ఏది పోతుందో ఏది పోదో కూడా ఆ మొదటి రోజే ముఖం మీద చెప్పాలి. ఇల్లు తాకట్టు పెట్టుకున్న బ్యాంకుకు ఐపీ అడ్డు కాదు. వాళ్లు తాకట్టు ఆస్తులు స్వాధీనం చేసుకోనిచ్చే సర్ఫేసీ చట్టం కింద 60 రోజుల నోటీసు ఇచ్చి ఇంటి మీదికి రావొచ్చు, దానికి మీరు తిరగబడాల్సింది విశాఖపట్నంలోని డీఆర్‌టీలో, అంటే బ్యాంకు బాకీల కేసులు చూసే ట్రిబ్యునల్‌లో, అది వేరే లాయరు పని. చెక్కులు బౌన్సయి ఉంటే 138 కేసులు వాటి దారిన అవి నడుస్తాయి. ఐపీ కాగితం దాఖలు చేసిన మర్నాటి నుంచి అందరూ ఆగిపోతారని ఊళ్లో అనుకుంటారు, అది నిజం కాదు. దివాలాదారుగా కోర్టు ఉత్తర్వు ఇచ్చాకే నోట్లవాళ్లు కోర్టు అనుమతి లేకుండా దావా వేయలేరు. ఆ ఉత్తర్వులోనే, ఎన్నాళ్లలోపు అప్పుల నుంచి విడుదల కోరుతూ మళ్లీ పిటిషన్ వేసుకోవాలో గడువు ఉంటుంది. చాలామంది ఉత్తర్వు రాగానే స్వీట్లు పంచుకుని ఈ రెండో పిటిషన్ మర్చిపోతారు, గడువు దాటితే మొదటి ఉత్తర్వే రద్దయి మళ్లీ మొదటికొస్తుంది. అందుకే లాయర్ని సూటిగా అడగండి, డిశ్చార్జి, అంటే ఆ విడుదల, దాకా మీరే చూస్తారా, ఫీజులో అది కలిసి ఉందా అని. ఫీజు కాగితం మీద రాయించుకోండి, కట్టినదానికి రసీదు తీసుకోండి, తెల్లకాగితాల మీద సంతకాలు పెట్టకండి. గెలిస్తే ఇంత శాతం ఇవ్వాలని లాయరు ఒప్పందం చేసుకోకూడదు, అది కూడా బార్ కౌన్సిల్ నిబంధనే.

ఇప్పుడు మీ సంగతి. మీవారికి విడుదల వచ్చినా, జామీను సంతకం పెట్టిన మీకు ఆ రెండు నోట్ల బాధ్యత పోదు, ఆ 1920 చట్టం 44వ సెక్షన్‌లోనే ఆ మాట ఉంది. కాబట్టి మీ తరఫున ఏం చేయాలో కూడా లాయరుతో విడిగా మాట్లాడుకోవాలి. ఆడవాళ్లకు ఆదాయంతో పనిలేకుండా ఉచిత న్యాయ సహాయం ఇవ్వాలని 1987 నాటి న్యాయసేవల చట్టం చెబుతోంది. తెనాలి కోర్టు ఆవరణలో న్యాయసేవాధికార కమిటీ ఎక్కడుందో అడిగి ఒక అర్జీ పెట్టండి, లేదా 15100కి ఫోన్ చేయండి. మీవారి ఆదాయం పరిమితిలోపు ఉంటే ఆయనకూ ఇస్తారు. లోక్ అదాలత్‌లో నోట్లవాళ్లతో వాయిదాల మీద రాజీ కుదిరే అవకాశం ఉందేమో కూడా వాళ్లనే అడగండి, అరిచేవాళ్లలో సగంమందికి కావాల్సింది అసలైనా వస్తుందన్న భరోసా.

నెలనెలా ఫీజు అడిగే ఆ సెటిల్‌మెంట్ సంస్థకు ఒక్క రూపాయి కూడా కట్టకండి. కార్డుల బ్యాంకుతో సెటిల్‌మెంట్ మీరే రాతపూర్వకంగా అడగొచ్చు. బ్యాంకు ఏజెంట్లు పొద్దున 8కి ముందు, సాయంత్రం 7 తర్వాత ఫోన్ చేయకూడదు, చేస్తే ముందు బ్యాంకుకు ఫిర్యాదు రాయండి, 30 రోజుల్లో తేల్చకపోతే రిజర్వు బ్యాంకు అంబుడ్స్‌మన్‌కి పంపండి. ఇంకొక్క మాట, మీవారిని ఒంటరిగా వదలకండి. లాయరు దగ్గరికి ఇద్దరూ కలిసే వెళ్లండి. నిద్ర లేకపోవడం ఇలాగే ఉంటే మానసిక ఆరోగ్యానికి ప్రభుత్వం నడిపే 14416 టెలీ మానస్‌కి ఫోన్ చేయించండి, తెలుగులోనే మాట్లాడతారు, డబ్బు కట్టక్కర్లేదు. 38 లక్షలు మనిషి కంటే పెద్ద మొత్తం కాదమ్మా.

ప్రశ్న: నేను రిటైర్డ్ టీచర్ని. తెలిసినవాడే కదా అని 6 లక్షలు నోటు మీద ఇచ్చాను. ఇప్పుడు అతను ఐపీ వేశాడని కోర్టు నుంచి నోటీసు వచ్చింది. ఇక డబ్బు పోయినట్టేనా? నాకు లాయరు అవసరమా? — ఒక పాఠకుడు, మిర్యాలగూడ

జవాబు: అవసరమే మాస్టారూ, ఆ నోటీసులో ఉన్న తేదీకి ముందే. ఐపీ నోటీసు రాగానే మనవాళ్లు చేతులెత్తేస్తారు, వెళ్లినా ఏం రాదులే అని ఇంట్లో కూర్చుంటారు, ఎదురుచెప్పేవాళ్లు లేకపోతే అతను చెప్పిందే కోర్టు వింటుంది. నోటీసుతో వచ్చిన పిటిషన్ కాపీలో మీలాంటి వాళ్ల జాబితా ఉంటుంది, అందులో నలుగురైదుగురు కలిసి ఒకే లాయర్ని పెట్టుకుంటే ఖర్చు పంచుకోవచ్చు. అతని లాయరు దగ్గరికి మాత్రం వెళ్లకండి, రెండు పక్షాలకూ ఒకరే పనిచేయడానికి వీల్లేదు. వెళ్లేముందు అతని పేరున ఉన్న భూములకు ఈసీ, అంటే వాటి మీద జరిగిన రిజిస్ట్రేషన్లు చూపే పత్రం, తీయించండి. పై జవాబులో చెప్పిన రెండేళ్ల లెక్క ఇప్పుడు మీకు పనికొస్తుంది, బావమరిదికో కొడుక్కో రాసిన దస్తావేజు బయటపడితే కోర్టులో మీరు వేసే జవాబుకు, అదే కౌంటర్‌కు, అదే బలం. దివాలా ఉత్తర్వు ఇంకా రాలేదు కాబట్టి దావా వేయడానికి అడ్డం లేదు, నోటుకు మూడేళ్ల గడువు దగ్గర పడుతుంటే లాయరుకు ముందుగా ఆ మాటే చెప్పండి. చెక్కు కూడా తీసుకుని ఉంటే ఇంకా తొందర, బౌన్సయినట్టు బ్యాంకు చెప్పిన 30 రోజుల్లోపే నోటీసు వెళ్లాలి.

ప్రశ్న: జీడిమెట్లలో మా అన్నయ్య కంపెనీ లోనుకు నేను పూచీ సంతకం పెట్టాను. ఇప్పుడు బ్యాంకు నాకు డిమాండ్ నోటీసు పంపింది, 14 రోజుల గడువు అంటున్నారు. సబ్ కోర్టులో ఐపీ వేయొచ్చా? — ఒక పాఠకుడు, హైదరాబాద్

జవాబు: మీది ఆ దారి కాదు. 2016 దివాలా కోడ్‌లో మామూలు వ్యక్తుల భాగం అందరికీ అమల్లోకి రాలేదు కానీ, కంపెనీ అప్పులకు పూచీ ఉన్నవాళ్లకు మాత్రం 2019 డిసెంబరు 1 నుంచి వచ్చింది, 2021లో సుప్రీంకోర్టు కూడా దాన్ని సమర్థించింది. మీ కేసు హైదరాబాద్‌లోని ఎన్‌సీఎల్‌టీలో, అంటే కంపెనీ లా ట్రిబ్యునల్‌లో, నడుస్తుంది, అక్కడ రోజూ హాజరయ్యే లాయర్నే చూసుకోండి. రిజల్యూషన్ ప్రొఫెషనల్ అన్న మాట వినగానే ఆయనే మీ లాయరు అనుకోకండి, ఆయన మీ పక్షమూ కాదు, బ్యాంకు పక్షమూ కాదు, దివాలా వ్యవహారాల బోర్డు ఐబీబీఐలో నమోదై ఉండి ట్రిబ్యునల్‌కు నివేదిక ఇచ్చే మనిషి. పూచీ పత్రం కాపీ బ్యాంకు నుంచి తెప్పించుకుని, 14 రోజులు గడవకముందే లాయరుతో జవాబు పంపించండి.