బస్సులో పక్క సీటు

ప్రశ్న: నమస్తే మేడమ్. బి.ఫార్మసీ చదివి, రెండేళ్లుగా పరవాడ ఫార్మా సిటీలో ఒక బల్క్ డ్రగ్ కంపెనీ క్వాలిటీ కంట్రోల్ విభాగంలో పనిచేస్తున్నాను. షిఫ్టు పొడవునా, మందులో ఏ పదార్థం ఎంత ఉందో కొలిచే హెచ్‌పీఎల్‌సీ యంత్రం ముందే. ఉద్యోగం మానేసి డ్రగ్ ఇన్‌స్పెక్టర్ పరీక్షకు కోచింగ్ తీసుకోమని నాన్నగారు అంటున్నారు. నాకేమో హైదరాబాద్‌ వెళ్లి, మందుల అనుమతికి పత్రాలు తయారుచేసే రెగ్యులేటరీ అఫైర్స్‌లో చేరాలని ఉంది. కాలేజీలో నా సీనియర్ ఒకామె ఆ పనిలోనే ఉంది. కానీ ఆమెతో మాట్లాడి నాలుగేళ్లయింది. ఇప్పుడు అవసరం పడి ఫోన్ చేస్తే ఏమనుకుంటుందో! పరిచయాలు పెంచుకోమని అందరూ చెబుతారు. నాకది కాకా పట్టడంలా అనిపిస్తుంది. నా పని చూసి ఉద్యోగం ఇవ్వరా?
– పేరు వద్దన్న పాఠకురాలు, అనకాపల్లి జిల్లా

జవాబు: నా కూతురి వయసుదానివి, నువ్వు అనే రాస్తాను. ఈ ఆదివారమే ఆమెకు ఫోన్ చెయ్యి.

1994లో నేను జీడిమెట్లలో ఒక మందుల కంపెనీ ల్యాబ్‌లో చేరాను. కూకట్‌పల్లి నుంచి కంపెనీ బస్సు. వారానికి రెండు మూడు రోజులు నా పక్క సీట్లో డాక్యుమెంటేషన్ విభాగం ఆవిడ కూర్చునేది. పలకరింపు తప్ప మా మధ్య స్నేహమేమీ లేదు. ఆమె ఒళ్లో ఎప్పుడూ ఎర్రసిరాతో దిద్దిన కాగితాల కట్ట ఉండేది. ఇన్ని గీతలు ఎందుకండీ అని ఒకరోజు అడిగాను. ఆమె ఒక పట్టిక తీసి చూపించింది. ఎన్నాళ్లు చెడకుండా ఉంటుందో చూడటానికి 40 డిగ్రీల వేడి, 75 శాతం తేమలో ఉంచిన మందు మూడో నెల ఫలితం అది. ల్యాబ్ నోటుపుస్తకంలో ఉన్నది ఒకటో ఏడో తెలియక చుట్టూ గుండ్రంగా గీసింది. ఆ నోటుపుస్తకం నాదే. నేను రాసే ఒక్కొక్క అంకె సముద్రాలు దాటి ఎవరి బల్ల మీదికి వెళుతుందో ఆ రోజే తెలిసింది. ఆ తరువాత బస్సులో ఆమెను రోజుకొక ప్రశ్న అడిగేదాన్ని.

ఆమె వేరే కంపెనీకి వెళ్లిపోయింది. రెండేళ్లకు అక్కడ ఒక ఖాళీ వస్తే నాకు కబురు పంపింది. కబురు మాత్రమే. ఇంటర్వ్యూలో నన్ను కూర్చోబెట్టి మూడు గంటలు ప్రశ్నలు వేశారు, జవాబులు నేనే చెప్పుకున్నాను. నీ పని చూసే ఉద్యోగం ఇస్తారమ్మా. కానీ నీ పని చూడాలంటే, నువ్వు ఫలానా చోట ఉన్నావని ముందు ఒకరికి తెలియాలి కదా!

నాతో కలిసి భోజనం చేసే ల్యాబ్ స్నేహితులు నాకు ఆమెకంటే ఎంతో దగ్గరివాళ్లు. అయినా వాళ్లకు తెలిసిన ఖాళీలన్నీ నాకూ తెలిసినవే. మార్క్ గ్రానోవెటర్ అనే అమెరికన్ సామాజిక శాస్త్రవేత్త 1973లో ఈ సంగతే లెక్కతో చూపించాడు. పరిచయస్తుల ద్వారా ఉద్యోగం దొరికినవాళ్లను, ఆ కబురు చెప్పిన మనిషిని అప్పట్లో ఎంత తరచుగా కలిసేవారని అడిగాడు. తరచుగా అన్నవాళ్లు నూటికి 17 మందే. సగానికి పైగా అప్పుడప్పుడు అన్నారు, 28 మంది చాలా అరుదుగా అన్నారు. నాలుగేళ్లు మాట్లాడని నీ సీనియర్ ఈ చివరి వరుసలోనే ఉంటుంది.

హైదరాబాద్‌ మందుల పరిశ్రమలోనూ ఇలాంటి పరిచయాలకు పెద్ద చోటుంది. 1961లో ఏర్పడిన ప్రభుత్వ మందుల సంస్థ ఐడీపీఎల్ వారి బాలానగర్ ప్లాంటులో కలిసి పనిచేసి బయటికి వచ్చినవాళ్లు వేర్వేరుగా సొంత కంపెనీలు పెట్టారు. 1984లో డాక్టర్ రెడ్డీస్‌ను స్థాపించిన అంజిరెడ్డి గారూ అక్కడివారే.

ఫోన్‌లో ఉద్యోగం ఉందా అని అడగకు. "అక్కా, నిన్న ఆఫీసులో పొద్దుటి నుంచి సాయంత్రం దాకా ఏం చేశావు?" అని అడుగు. ఆ పనిలో యంత్రాలు ఉండవు. మందుకు అనుమతి ఇచ్చే విదేశీ సంస్థ లేవనెత్తిన ప్రశ్నలకు గడువులోగా సమాధానాలు తయారుచేయాలి, ఒకే వాక్యాన్ని పదిసార్లు సరిచూడాలి. మీ యంత్రం గీసే క్రోమటోగ్రామ్‌ గ్రాఫులో పీకు (శిఖరం) నిటారుగా లేచినప్పుడు నీకు సంతోషం కలుగుతుంటే, ఈ కాగితాల మధ్య విసుగు పుట్టవచ్చు. అది ముందే తెలుసుకోవడం మంచిది. ఒక మాట మాత్రం ధైర్యంగా చెప్పు. మందు అనుమతి కోసం సమర్పించే పత్రాల్లో అయిదు భాగాలుంటే, నాణ్యతకు సంబంధించిన మూడో భాగంలోకి వెళ్లేది నీలాంటివాళ్లు ల్యాబ్‌లో చేసిన పరీక్షలే. ఆ అంకెలు ఎలా పుడతాయో చూసిన మనిషి ఆ విభాగానికి ఎంతో అవసరం. నీ రెండేళ్లు ఎక్కడికీ పోలేదు.

ఇక నాన్నగారి మాట. డ్రగ్ ఇన్‌స్పెక్టర్ ఉద్యోగం గౌరవమైనది, ఆయన కోరిక తప్పు కాదు. కానీ నోటిఫికేషన్ ఎప్పుడు వస్తుందో తెలియని పరీక్ష కోసం చేతిలో ఉన్న జీతాన్ని వదులుకోవద్దని గట్టిగా చెబుతున్నాను. 1940 నాటి డ్రగ్స్ అండ్ కాస్మెటిక్స్ చట్టాన్ని రోజుకు అరగంట చదువు. అది ఆ పరీక్షకూ కావాలి, రెగ్యులేటరీ పనికీ కావాలి. ఆయనకు తెలిసినవాళ్లలో ఆ ఉద్యోగం చేస్తున్నవారు ఎవరైనా ఉంటే, ఇద్దరూ కలిసి వెళ్లి, నిన్న ఏం చేశారని ఆ ఉద్యోగినీ అడగండి.

నీ సీనియర్ ఏం చెప్పిందో నాకు రాయి.